గిల్డర్, పౌండు, డాలర్: ప్రపంచ పెత్తనం చేతులు మారే తీరు

1931 సెప్టెంబర్ 21న బ్రిటన్ తన పౌండుకూ బంగారానికీ ఉన్న లంకెను తెంచేసుకుంది. లండన్‌లో తీసుకున్న ఆ నిర్ణయం సెగ కొద్ది నెలల్లోనే కృష్ణా, గోదావరి జిల్లాల రైతుల ఇళ్లలోని భోషాణాల దాకా వచ్చింది. ఆర్థిక మాంద్యంతో అప్పటికే ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయి ఉంది. శిస్తు మాత్రం తగ్గలేదు, షావుకారు వడ్డీ తగ్గలేదు. రెండూ రొక్కంగానే కట్టాలి. రూపాయిని పౌండుకు ఒక షిల్లింగు ఆరు పెన్నీల రేటున (ఇవి పౌండులో చిల్లర నాణేలు) కట్టేసి ఉంచారు కాబట్టి, పౌండు పడగానే రూపాయీ పడింది. రూపాయల్లో బంగారం ధర పైకెళ్లింది. జనం నగలు తెచ్చి అమ్ముకున్నారు. దేశమంతా ఇదే కథ. శతాబ్దాలుగా బంగారాన్ని లోపలికి లాక్కోవడమే తప్ప బయటికి వదలని దేశం నుంచి ఆ దశాబ్దంలో వందల కోట్ల రూపాయల బంగారం ఓడలెక్కింది. కిందా మీదా పడుతున్న పౌండుకు అది బాగా అక్కరకొచ్చింది.

ఆ రైతులకు తమ నగలెందుకు పోతున్నాయో తెలిసే అవకాశం లేదు. నిజానికి అప్పుడు జరుగుతున్నది ఒక దేశం చేతిలోంచి మరో దేశం చేతికి ప్రపంచ ఆర్థిక పెత్తనం మారడం. అది పూర్తి కావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

ఈ మార్పులకు ఒక లెక్క ఉందని, సామ్రాజ్యాల ఆయుష్షు 250 ఏళ్లని, 1776లో పుట్టిన అమెరికాకు 2026తో ఆ గడువు నిండిపోతుందని చెప్పే వీడియోలు, వాట్సాప్ మెసేజ్‌లు ఈ మధ్య తెగ తిరుగుతున్నాయి. నేను ఆ లెక్కను నమ్మను. అలాగని చరిత్రలో ఏదీ పునరావృతం కాదనీ అనను. తిరిగి తిరిగి వచ్చేది కాలం కాదు, వరస. సరుకు తయారుచేసే సత్తా ముందు మారుతుంది, అప్పులిచ్చే సత్తా తర్వాత, కరెన్సీ హోదా అన్నిటికన్నా ఆఖరున. మధ్యలో ఎంత ఎడం ఉంటుందో ఏ సూత్రమూ చెప్పలేదు. ఆ ఎడంలోనే అసలు ప్రమాదాలన్నీ ఉంటాయి.

చక్రం ఉందన్నవాళ్లు

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 14వ శతాబ్దంలో ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ ఉత్తర ఆఫ్రికా రాజవంశాలను చూసి, ఒక వంశం బలం సుమారు మూడు తరాలు, అంటే 120 ఏళ్లు నిలుస్తుందన్నాడు. ఎడారి నుంచి కలిసికట్టుగా వచ్చిన తెగ నగరాన్ని గెలుస్తుంది, తర్వాతి తరం సుఖాలకు అలవాటు పడుతుంది, మూడో తరానికి ఆ కలిసికట్టుతనం పూర్తిగా పోతుంది. అప్పుడు ఎడారి నుంచి ఇంకో తెగ వస్తుంది.

ఆధునిక కాలంలో ఎక్కువగా వినిపించే పేరు నికొలాయ్ కొండ్రాటియెవ్. మాస్కోలో ఒక ఆర్థిక పరిశోధన సంస్థను నడిపిన ఈయన 1920లలో బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాల ధరలు, వేతనాలు, వడ్డీ రేట్ల లెక్కలు తీసి, పెట్టుబడిదారీ ఆర్థిక వ్యవస్థ సుమారు యాభై ఏళ్ల పొడవైన అలల్లో లేస్తూ పడుతూ సాగుతుందన్నాడు. పడ్డది మళ్లీ లేస్తుందనే మాట సోవియట్ ప్రభుత్వానికి రుచించేది కాదు. 1930లో అరెస్టు చేశారు, 1938లో కాల్చి చంపారు. సిద్ధాంతం మాత్రం బతికింది.

ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్లు తిరిగే సంవత్సరాలకు అలవాటు పడ్డ మనకు యాభై, అరవై ఏళ్ల అల అంటే వెంటనే నచ్చేస్తుంది. కానీ పంచాంగంలోని చక్రం వెనక గ్రహగతుల లెక్క ఉంది. ధరల చక్రాన్ని తిప్పే గ్రహమేదీ లేదు. కొండ్రాటియెవ్ చేతిలో ఉన్న సమాచారం మొత్తం కలిపినా రెండున్నర అలలే అయ్యాయి. ప్రపంచ పెత్తనం విషయంలో మన పరిస్థితి అంతకన్నా మెరుగేం కాదు. వివరంగా లెక్కలు దొరికేవి రెండు మార్పులే: ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లండన్‌కు, లండన్ నుంచి న్యూయార్క్‌కు. రెండు ఉదాహరణలతో నియమం కట్టలేం. వాటిలోపల ఏం జరిగిందో మాత్రం చూడొచ్చు.

బందరు బట్ట, ఆమ్‌స్టర్‌డామ్ ఖాతా

ఆమ్‌స్టర్‌డామ్ ముఖ్య నగరంగా ఉన్న డచ్చివారి దేశం (నెదర్లాండ్స్) చిన్నది. నేలలో కొంత భాగం సముద్ర మట్టం కన్నా దిగువన ఉండేది. చేపల వేట, బాల్టిక్ ధాన్యం రవాణా, తక్కువ మందితో నడిచే చవక ఓడలు: వాళ్ల బలం అక్కడ మొదలైంది. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. మసాలా దినుసులు పండే ఇండోనేషియా దీవుల వాళ్లకు యూరప్ సరుకు అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది కోరమండల్ తీరపు నూలు బట్ట. అందుకే కంపెనీ పుట్టిన మూడు నాలుగేళ్లలోనే డచ్చివారు బందరులో దిగారు. గోల్కొండ సుల్తాను అనుమతితో వర్తక స్థావరం పెట్టారు. వెండి ఇచ్చి మన తీరంలో బట్ట కొనడం, బట్ట ఇచ్చి దీవుల్లో లవంగం, జాజికాయ కొనడం, వాటిని యూరప్‌లో ఎన్నో రెట్ల ధరకు అమ్మడం. పాలకొల్లు, భీమునిపట్నం కూడా ఈ గొలుసులో చేరాయి. బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఒకే ఊళ్లో కాపురం పెట్టి పోటీ పడ్డ కాలానికి అవి గుర్తులు.

ఓడల కన్నా గట్టి ఆయుధం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైంది. 1609లో పెట్టిన నగర బ్యాంకు అది. అప్పట్లో యూరప్ నిండా అరిగిన, తరుగు పెట్టిన నాణేలు రకరకాలవి తిరిగేవి. ఈ బ్యాంకు వాటిని తూచి, అసలు లోహం విలువ మేరకు ఖాతాలో జమ కట్టేది. 600 గిల్డర్లు (డచ్ కరెన్సీ), ఆపై విలువున్న హుండీలన్నీ (వర్తకుల చెల్లింపు పత్రాలు) ఆ ఖాతాల ద్వారానే చెల్లాలని నియమం పెట్టారు. నాణెం చేతిలో పట్టుకోవడం కన్నా ఆ ఖాతాలో అంకె ఉండటం మేలని వర్తకులకు తెలిసిపోయింది. ప్రపంచం నమ్మే డబ్బు అనే మాటకు మొదటి ఆధునిక రూపం అదే.

దిగజారడం ఎలా మొదలైంది? ఫ్రాన్స్‌తో దశాబ్దాల యుద్ధాలు జరిగి 1713 నాటికి అప్పు కొండలా పెరిగింది. హాలండ్ రాష్ట్రం వసూలు చేసే పన్నుల్లో సగానికి పైగా వడ్డీకే పోయేది. పన్నులు పెరిగాయి, కూలి రేట్లు పెరిగాయి, సరుకు ఖరీదైంది. ధనవంతులు ఓడల మీద పెట్టుబడి తగ్గించి బాండ్ల వడ్డీ మీద బతకడం మొదలుపెట్టారు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఆ బాండ్లు ఎవరివన్నదే. పెద్ద భాగం బ్రిటన్ ప్రభుత్వానివి! డచ్ పాలకుడు విలియం 1688లో లండన్ వెళ్లి 1689లో ఇంగ్లండ్ రాజయ్యాడు. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది. డచ్ డబ్బు ఆ దారినే ప్రవహించింది. ఇంట్లో వడ్డీ తక్కువ, ఎదుగుతున్న పొరుగు దేశంలో ఎక్కువ. డబ్బుకు దేశభక్తి ఉండదు.

1782లో అమెరికా ప్రతినిధి జాన్ ఆడమ్స్ ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకర్ల దగ్గర, అప్పుడే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అమెరికా కోసం 50 లక్షల గిల్డర్ల అప్పు తీసుకున్నాడు. అంటే తన తర్వాత పెత్తనం చేయబోయే రెండు దేశాలకూ ఆమ్‌స్టర్‌డామే అప్పిచ్చింది. అదే సమయంలో, తన డబ్బుతో బలపడ్డ బ్రిటన్ నౌకాదళం చేతిలోనే 1780-84 యుద్ధంలో చితికిపోయింది. మునిగిపోతున్న డచ్ ఈస్టిండియా కంపెనీకి నగర బ్యాంకు ఎవరికీ చెప్పకుండా అప్పులిచ్చింది. ఆ గుట్టు బయటపడ్డాక నమ్మకం పోయింది. 1795లో ఫ్రెంచి సైన్యం వచ్చింది, 1799 చివరకు కంపెనీ కథ ముగిసింది. 1824 ఒప్పందం తర్వాత మన తీరంలో మిగిలిన డచ్ స్థావరాలు కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లాయి. భీమిలిలో డచ్చివారి సమాధులు ఇప్పటికీ చూడొచ్చు.

అప్పు ఒక్కటే కారణమైతే

ఇంతవరకు చదివి, అప్పులు పెరిగితే సామ్రాజ్యం కూలుతుందని అనుకోవడం తేలిక. చక్రాల గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. కానీ 1815లో నెపోలియన్‌ను ఓడించిన నాటికి బ్రిటన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ వార్షిక ఉత్పత్తికి సుమారు రెండు రెట్లు. హాలండ్ స్థితికి ఏమాత్రం తీసిపోదు. అయినా కూలలేదు సరికదా, దాని స్వర్ణయుగం అక్కడే మొదలైంది. బొగ్గు, ఆవిరి యంత్రం, మరమగ్గాల వల్ల అప్పు కన్నా ఆదాయం వేగంగా పెరిగింది. లాంకషైర్ మిల్లు బట్ట వచ్చి కోరమండల్ నేతగాళ్ల బతుకులు కూల్చిందీ ఆ కాలంలోనే. అప్పు ఎంతన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఆ అప్పు వెనక పెరిగే ఉత్పత్తి ఉందా లేదా అన్నది ముఖ్యం.

ఆ ఉత్పత్తిలో 1870ల నాటికే అమెరికా బ్రిటన్‌ను దాటేసింది. అయినా 1914 దాకా ప్రపంచ వ్యాపారం చాలావరకు పౌండ్లలోనే నడిచింది. న్యూయార్క్ వర్తకుడు బ్రెజిల్ కాఫీ కొన్నా హుండీ లండన్‌లోనే చెల్లేది. ఎందుకంటే అమెరికాకు 1913 దాకా కేంద్ర బ్యాంకే లేదు. జాతీయ బ్యాంకులు విదేశాల్లో శాఖలు పెట్టడానికి చట్టం ఒప్పుకునేది కాదు. మరోపక్క ప్రపంచ దేశాల్లో ఉన్న విదేశీ పెట్టుబడిలో ఐదింట రెండు వంతులు బ్రిటన్‌వే. అమెరికా రైలు మార్గాల్లోనూ లండన్ డబ్బు పెద్ద మొత్తంలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ చేసిన పనే లండన్ మళ్లీ చేసింది.

నలభై ఏళ్లుగా ఆగిన మార్పును మొదటి ప్రపంచ యుద్ధం నాలుగేళ్లలో లాక్కొచ్చింది. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అమెరికాకు 400 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది. అమెరికాకు అప్పిచ్చిన దేశం అమెరికాకే బాకీదారైంది.

ఎవరూ బాధ్యత తీసుకోని ఇరవై ఏళ్లు

యుద్ధం తర్వాత ఏమీ జరగనట్టు పాత రోజుల్లోకి వెళ్లిపోవాలని లండన్ ప్రయత్నించింది. 1925లో ఆర్థిక మంత్రి విన్‌స్టన్ చర్చిల్ పౌండును యుద్ధానికి ముందున్న 4.86 డాలర్ల రేటుకే మళ్లీ బంగారానికి ముడిపెట్టాడు. అది పరువు కోసం పెట్టిన రేటు. బొగ్గు ఎగుమతులు దెబ్బతిన్నాయి, గని కార్మికుల జీతాలు కోశారు, 1926లో దేశమంతా సమ్మె జరిగింది. మన రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల రేటు 1927లో చట్టమైంది. ఒక షిల్లింగు నాలుగు పెన్నీలైతే చాలని మన వ్యాపారులు మొత్తుకున్నా వినలేదు. రేటు ఎక్కువైతే మన ఎగుమతిదారుకు చేతికొచ్చే రూపాయలు తగ్గుతాయి, బ్రిటిష్ సరుకు ఇక్కడ చవకవుతుంది.

అమెరికా చేతిలో బంగారం గుట్టలుగా ఉంది కానీ దాంతో పాటు రావాల్సిన బాధ్యత తీసుకోలేదు. యుద్ధపు బాకీలు పైసాతో సహా కట్టమంది. కట్టాలంటే యూరప్ తన సరుకు అమెరికాలో అమ్ముకోవాలి. 1930లో స్మూట్-హాలీ చట్టంతో దిగుమతి సుంకాలు పెంచి ఆ తలుపూ మూసేసింది. మాంద్యం అంత లోతుగా, అన్నాళ్లు సాగడానికి ముఖ్య కారణం ఇదేనని ఆర్థిక చరిత్రకారుడు చార్లెస్ కిండిల్‌బర్గర్ వాదన: నడిపించే శక్తి బ్రిటన్‌కు పోయింది, నడిపించే ఇష్టం అమెరికాకు ఇంకా రాలేదు. చక్రాల సిద్ధాంతాలన్నిటిలోనూ నాకు గట్టిగా అనిపించే మాట ఇదొక్కటే. లేచేవాడి వల్లా కాదు, పడేవాడి వల్లా కాదు, మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీ వల్ల నష్టం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు పడ్డ టెన్షన్ ఈ కోవలోదే.

ఆ మార్పు సాఫీగా కూడా జరగలేదు. దేశాలు దాచుకునే విదేశీ నిల్వల్లో డాలర్ 1920ల మధ్యలోనే పౌండును దాటిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 1930లలో మళ్లీ వెనకబడింది. అంటే ఒక కరెన్సీ గద్దె దిగిన రోజు ఫలానా తేదీ అని గీత గీయలేం.

అప్పు తీర్చమని అడిగిన భారత్

రెండో యుద్ధం బ్రిటన్‌ను పూర్తిగా ఖాళీ చేసింది. యుద్ధం కోసం భారత్ నుంచి తీసుకున్న సరుకులకు, సేవలకు బ్రిటన్ రొక్కం ఇవ్వలేదు. లండన్‌లో ఖాతా రాసింది. ఆ ఖాతాను చూపించి ఇక్కడ రూపాయలు అచ్చేశారు. ధరలు మండిపోయాయి. 1943 బెంగాల్ కరువు వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ ఉంది. పాలించే దేశం పాలితుడికి బాకీదారు కావడం చరిత్రలో అరుదు.

1944 జులైలో అమెరికాలోని బ్రెట్టన్‌వుడ్స్‌లో 44 దేశాలు కలిసి కొత్త ఆర్థిక వ్యవస్థను గీసినప్పుడు భారత ప్రతినిధులు ఈ బాకీ సంగతి ఎత్తారు. వారిలో సి.డి. దేశ్‌ముఖ్, ఆర్.కె. షణ్ముఖం చెట్టి ఉన్నారు. అది మీరూ మీరూ తేల్చుకోండని పక్కన పెట్టేశారు. ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ కరెన్సీ పెడదామని బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ చేసిన ప్రతిపాదనా చెల్లలేదు. ఔన్సు బంగారం 35 డాలర్లు, మిగతా కరెన్సీలన్నీ డాలర్‌కు కట్టివేత. కీన్స్ ఎంత మేధావి అయినా, ఆయన దేశం అప్పుల్లో ఉంది.

ఆ తర్వాత బ్రిటన్‌కు మిగిలింది తెలుసుకోవడమే. అమెరికా ఇచ్చిన 375 కోట్ల డాలర్ల అప్పు షరతు ప్రకారం 1947 జులై 15న పౌండును డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చుకోనిచ్చింది. జనం పౌండ్లు వదిలించుకోవడానికి ఎగబడితే ఐదు వారాలకే తలుపు మూసింది. ఆ అప్పు ఆఖరి వాయిదా తీరింది 2006లో! 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ మీద దాడి చేసినప్పుడు వాషింగ్టన్ ఆర్థిక సాయం ఆపేస్తే సైన్యాన్ని వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఉత్పత్తిలో వెనకబడి ఎనభై ఏళ్లు గడిచాక గానీ లండన్‌కు విషయం పూర్తిగా అర్థం కాలేదు.

ఇప్పుడు వరస తప్పుతున్న చోటు

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలర్‌కు బంగారంతో ముడి తెంచేశాడు. 1931 చూసినవాళ్లు డాలర్ పని అయిపోయిందనుకున్నారు. అవలేదు. చమురు డాలర్లలోనే అమ్మారు, 1980ల మొదట్లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు 20 శాతం దాకా తీసుకెళ్లి డాలర్‌కు మళ్లీ పట్టు తెచ్చింది. 1980ల చివర్లో జపాన్ దాటేస్తుందన్నారు, అదీ జరగలేదు. జోస్యాల చరిత్ర చూస్తే కాస్త వినయం వస్తుంది.

ఈసారి లక్షణాలు కొన్ని పాతవే. ప్రపంచంలో తయారయ్యే సరుకులో సుమారు 30 శాతం చైనాలోనే తయారవుతోంది. 2024లో అమెరికా రక్షణ ఖర్చు కన్నా వడ్డీ ఖర్చు ఎక్కువైంది. దేశాల విదేశీ నిల్వల్లో డాలర్ వాటా 1999లో 71 శాతం ఉండేది, ఇప్పుడు 60 శాతం లోపే. అయితే ఆ తగ్గిన వాటా చైనా కరెన్సీ యువాన్‌కు పోలేదు; యువాన్ వాటా రెండు శాతం చుట్టూనే తిరుగుతోంది. డబ్బు స్వేచ్ఛగా బయటికి పోనివ్వని దేశపు కరెన్సీని ఎవరు దాచుకుంటారు? వాటా చిన్న చిన్న కరెన్సీలకు పోయింది, కేంద్ర బ్యాంకుల చూపు బంగారం మీదికి మళ్లింది.

ఒక పెద్ద తేడా మాత్రం వరసనే తలకిందులు చేసింది. ఆమ్‌స్టర్‌డామ్, లండన్ రెండూ దిగిపోయే దశలో తమ తర్వాత వచ్చేవాడికి అప్పిచ్చాయి. ఇప్పుడు అమెరికా ప్రపంచంలోకెల్లా పెద్ద బాకీదారు. ఒక దశలో చైనా చేతిలో 1.3 లక్షల కోట్ల డాలర్ల అమెరికా ప్రభుత్వ బాండ్లు ఉండేవి. ఎదిగేవాడే ఇక్కడ షావుకారు. పైగా గత రెండు మార్పులనూ తేల్చింది పెద్ద యుద్ధాలు. అణ్వస్త్రాలున్న రెండు దేశాలు ఆ పద్ధతిలో తేల్చుకోలేవు. అందుకే పాత చరిత్ర తీసుకొచ్చి ఇప్పటి తేదీలు చెప్పేవాళ్ల మాట మీద నాకు నమ్మకం లేదు.

2022లో రష్యా నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్ల విలువైనవి పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, ఇతర దేశాలు తమ డబ్బు ఎక్కడ ఉందో చూసుకోవడం మొదలుపెట్టాయి. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయిన కొద్ది వారాలకే మన రిజర్వ్ బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టాల్సి వచ్చింది. 2024లో అదే రిజర్వ్ బ్యాంకు ఇంగ్లండ్‌లో దాచిన బంగారంలో సుమారు 100 టన్నులు దేశానికి తెచ్చుకుంది.

డాలర్ లేకుండా వ్యాపారం చేయడం ఎంత కష్టమో కూడా ఈ మధ్యే తెలిసింది. రష్యా చమురుకు రూపాయల్లో చెల్లిద్దామని చూశాం. 2023-24లో రష్యా నుంచి మన దిగుమతులు 6,100 కోట్ల డాలర్లు దాటితే, మన ఎగుమతులు 430 కోట్లకు మించలేదు. మన బ్యాంకుల్లో రూపాయలు పోగుపడ్డాయని, వాటిని వాడుకునే దారి లేదని రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ 2023 మేలో గోవాలోనే చెప్పాడు. దాంతో చమురు బిల్లుల్లో కొంత యూఏఈ దిర్హమ్‌లలో కట్టడం మొదలైంది. ఆ దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కు 3.6725 రేటున కట్టేసి ఉంది.